తోకపిట్ట అక్షరాలు

గువ్వ పోయి ఇంకా నెల తిరగలేదు. పక్కవాటా మెట్ల కింద దొరికిన ఎలుకల మందు పొట్లాన్ని ఆ పిల్ల తనదే అనుకుంది. అలా అనుకోవడానికి పొట్లం మీది అక్షరాలే కారణం. ఆ అక్షరాల అసలు రూపాన్ని గీసింది గువ్వకు మేనత్త. తోకల అక్షరాలు ఉన్నది పిల్లలదనీ, నిటారు అక్షరాలు ఉన్నది పెద్దలదనీ, దాన్ని ముట్టుకోకూడదనీ చదవడం రాని పసివాళ్ళకు బడిలో నేర్పింది గువ్వకు తల్లి. నేర్పినదాన్ని ఆ పిల్ల తప్పకుండా పాటించింది.

మేనత్తను ఇక నుంచి ఈ కథలో చెల్లెలు అనే అందాం. గువ్వ తండ్రి ఆమెకు అన్న, తల్లి వదిన. పోయిన వారం అర్జీ ఇచ్చిన చెల్లెలు ఇవాళ పొద్దుటి నుంచి ఆరోగ్య శాఖ ఆఫీసు వరండాలో తన వంతు కోసం నిలబడి ఉంది. ఇప్పుడు లోపలికి పిలిచారు.

గుమాస్తా కంపెనీ పంపిన జవాబును చదివి వినిపించాడు. పొట్లం మీద ఉన్నవి ఆవిడ అక్షరాలు కావనీ, వేరే ఆర్టిస్టు స్వతంత్రంగా గీసి ఇచ్చినవనీ, పోలిక ఉంటే అది కాకతాళీయమనీ అందులో ఉంది.

“మందుకి అనుమతి ఉందమ్మా,” అన్నాడు గుమాస్తా కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతూ. “పొట్లానికీ అనుమతి ఉంది. హెచ్చరిక రాయాలి, రాశారు. పిల్లలకు అందకుండా ఉంచమని కూడా రాశారు.”

“ఏ అక్షరాలతో రాశారో చూశారా?”

“చూశాను. ముద్దుగా ఉన్నాయి. అక్షరాలు ముద్దుగా ఉండకూడదని ఏ రూల్లోనూ లేదు. నేనూ వెతికాను.” అతను గొంతు తగ్గించాడు. “ఒక్కటే సందు ఉంది. అవి మీ అక్షరాల నుంచే వచ్చాయనీ, మిమ్మల్ని అడక్కుండా వాడుకున్నారనీ రుజువైతే సరుకు ఆపించొచ్చు. రేపు పొద్దున కొత్త సరుకు లారీలెక్కుతుంది. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఫిర్యాదు నా చేతిలో పెట్టండి.”

“రుజువంటే ఏం కావాలి?”

“ఆ వేరే ఆర్టిస్టు కావాలి. ఆవిడవి చూసే గీశానని అతను సంతకం పెట్టాలి. అతను దొరకాలి కదా. దొరికినా పెట్టాలి కదా. పిల్లి మెడలో గంట ఎవరు కడతారమ్మా?”

“దొరుకుతాడు,” అంది చెల్లెలు. ఎలా దొరుకుతాడో అప్పటికి ఆమెకు తెలియదు.

ఇంటికి వెళ్ళే దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగింది. ఆస్పత్రి వాళ్ళు తీసుకున్న పొట్లం తిరిగి ఇవ్వలేదు. పోల్చి చూడడానికి ఒకటి కావాలి. కొట్టు ఆయన పొట్లాన్ని కాగితంలో చుట్టి ఇస్తూ అడిగాడు.

“ఇంట్లో పిల్లలున్నారా అమ్మా? ఉంటే జాగ్రత్త. మావాడు నిన్న బిస్కెట్లనుకుని చెయ్యి పెట్టబోయాడు.”

“లేరు,” అంది చెల్లెలు.

ఆమె పనిగది వీధివైపు ఉంటుంది. కిటికీ పక్కన గాజుబల్ల, దాని కింద దీపం. గోడ నిండా అక్షరాలు. వాటి పేరు తోకపిట్ట. చిన్న వీధి ప్రకటనలు గీసుకుంటూ బతికిన ఆమెకు నలుగురిలో పేరు తెచ్చిన అక్షరాలు అవే. వదిన ఒకరోజు వచ్చి, “అమ్మాయ్, మా బడిలో పిల్లల గూళ్ళ మీద ఏదైనా సరదాగా రాసిపెట్టవా, నిటారు అక్షరాలు చూస్తే వాళ్ళకి నిద్రొస్తోంది,” అని అడిగితే మొదలైన పని అది.

ప్రతి అక్షరం ఒక పిట్ట. అక్షరం కడుపే పిట్ట కడుపు. తలకట్టు పైకి విచ్చుకున్న తోక. గుండ్రటి చోట ఒక చిన్న కన్ను. సున్నా గుడ్డు. ఒత్తులు తల్లి కింద నడిచే పిల్లలు. కొమ్ములు కొమ్మలు. ఒక్కో పిట్ట ఒక్కో తీరుగా ఉంటుంది. ‘అ’ బాగా తిని కూర్చున్నట్టు ఉంటుంది, ‘ఎ’ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ఉంటుంది. అయినా అన్నీ ఒకే గూటివని ఎవరికైనా తెలుస్తుంది. అందులోనే ఆమె పనితనం ఉంది. బొమ్మల కొట్టు వాళ్ళు వాడారు. పిల్లల డాక్టరు తన గది గోడ మీద రాయించుకున్నాడు. బుడగలు అమ్మే బండి మీద, పిల్లల దుప్పట్ల మీద, పుట్టినరోజు బోర్డుల మీద ఆ పిట్టలు వాలాయి. అడిగిన వాళ్ళందరికీ ఆమె ఒకే షరతు చెప్పేది. బొటనవేలి కంటే చిన్నగా వాడొద్దు. చిన్నవైతే అచ్చులో సిరా పాకి కన్ను పూడిపోతుంది. కన్ను పూడితే పిట్ట పోతుంది, నల్లటి మరక మిగులుతుంది.

ఆమె పొట్లాన్ని గాజుబల్ల మీద విప్పి పరిచింది. పక్కన తన అసలు కాగితాలు పెట్టింది. ఇన్నాళ్ళూ ఆమె ఆ పొట్లాన్ని కళ్ళనిండా చూడలేదు. దొంగతనం అనుకుంది, అంతే. దొంగిలించినదాన్ని గుర్తుపట్టడానికి ఒక్క చూపు చాలు.

ఇప్పుడు చూసింది. విషం అన్న మాట గోటిచుక్కంత ఉంది. పిల్లలకు అందకుండా ఉంచండి అన్న మాటలు అంతకంటే చిన్నవి. ఆ సైజులో కళ్ళు పూడిపోయి ఉండాలి. ఒక్కటీ పూడలేదు. ప్రతి పిట్టా కళ్ళు తెరుచుకుని చూస్తోంది.

ఎవరో ఊరికే చిన్నవి చేసి అచ్చు వేయలేదు. ఒక్కో అక్షరాన్నీ మళ్ళీ గీశారు. కన్ను చుట్టూ చోటు వదిలారు, తోకలో ఈకలు తగ్గించారు, కడుపు కొద్దిగా పెంచారు. ఆమె ఏడాది కష్టపడి చేతకాక వదిలేసిన పనిని ఎవరో చేసి చూపించారు. ఒక్క క్షణం ఆమెకు అసూయ కలిగింది. తర్వాత తన మీద తనకే రోత పుట్టింది.

భూతద్దం తీసుకుని తోకలు చూసింది. ఆమె తోకను కడుపు దగ్గర మొదలుపెట్టి కొసకు లాగుతుంది. అందుకే ఆమె తోకలు కొస దగ్గర సన్నబడతాయి. ఈ తోకలు కొస దగ్గర లావుగా ఉన్నాయి. తడి బ్రష్ మొదట ఆనిన చోట రంగు నిలిచి లావవుతుంది. అంటే ఇవి పెన్సిలు గీతలు కావు, బ్రష్ గీతలు. పైగా కొస నుంచి లోపలికి లాగినవి. తోక కొస ప్రతి అక్షరంలోనూ కుడివైపు ఉంది. కుడిచేతి వాళ్ళకు అలా లాగడం అలవాటు కాదు.

ఆమె భూతద్దాన్ని బల్ల మీద పెట్టింది. దీపం ఆర్పింది. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది.

అన్న పనిచేసేది మార్కెట్ వెనక రేకుల షెడ్డులో. గోడలకు ఆనించిన బోర్డులు, ఎండిపోయిన రంగు డబ్బాలు, చెయ్యి ఆనించుకునే పొడుగాటి కర్ర, టర్పెంటైన్ వాసన. వాళ్ళ తండ్రి కూడా ఇక్కడే బోర్డులు రాశాడు. చెల్లెలు వెళ్ళేసరికి సైకిల్ షాపాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“పెయింటరూ, నువ్వు సగం పేరు రాసి వదిలేశావు. జనం ఆ సగంతోనే పిలుస్తున్నారయ్యా. మొన్నటి నుంచి మా ఆవిడ కూడా అలాగే పిలుస్తోంది. పూర్తి చేస్తావా, లేక నన్నే పేరు కుదించుకోమంటావా?”

అన్న బల్ల మీద కూర్చుని, ఎండిపోయిన బ్రష్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు.

షాపాయన వెనక్కి తిరిగి చెల్లెల్ని చూశాడు. ముఖం మార్చుకున్నాడు. “సరేలే, తొందరేం లేదు. సగం పేరుతో ఎవరూ చావలేదు...” అని నాలుక కరుచుకుని, తల వంచుకుని ఆమె పక్కనుంచి వెళ్ళిపోయాడు.

చెల్లెలు పొట్లాన్ని అన్న ఎదురుగా స్టూలు మీద పెట్టింది.

“అన్నయ్యా, ఇది చూడు.”

“చూశాను.”

“ఎప్పుడు చూశావు?”

“ఆస్పత్రిలో. డాక్టరు చేతిలో.”

“అప్పుడే తెలిసిందా నీకు?”

అతను బ్రష్‌ను తుడుస్తూనే ఉన్నాడు. దాని వెంట్రుకలు గుడ్డలో ఊడి వస్తున్నాయి.

“ఊళ్ళో బ్రష్ పట్టే ఎడమచేతివాళ్ళు ఎంతమంది ఉన్నారు?” అంది చెల్లెలు.

“నేనొక్కణ్ణే. రాసిందంతా చేత్తో తుడిచేస్తావురా అని నాన్న తిట్టేవాడు. గుర్తుందా?”

“నాన్న సంగతి తర్వాత. ఎందుకు చేశావు?”

“బిస్కెట్లన్నాడు.”

“ఎవడు?”

“ఏజెంటు. నడిస్తే చెప్పుల చప్పుడు కూడా రాదు, అలాంటి మనిషి. నీ అక్షరాల కాగితం తెచ్చాడు. ఇవి గోరంత సైజులో నిలబడేలా చేసిపెట్టమన్నాడు. మీ చెల్లెలిగారిని అడిగాం, తీరిక లేక మీ దగ్గరికి పంపింది అన్నాడు.”

“నమ్మేశావా? ఒక్క మాట నన్ను అడగలేకపోయావా?”

“అడిగితే వద్దంటావు. చిన్నవైతే నా పిట్టలు చచ్చిపోతాయంటావు. నాకు తెలియదా నీ గొడవ? ముందు చేసేసి, తర్వాత నీ దగ్గరికి తెచ్చి, చూడవే, బతికాయి, పెద్ద చదువు చదివి నువ్వు చేయలేనిది నేను చేశాను అని ఏడిపిద్దామనుకున్నా.” అతను నవ్వినట్టు పెదవులు కదిపాడు. “పొట్లం బయటికొచ్చాక ఒకటి కొని నీ బల్ల మీద పెడదామనుకున్నా. నేను కొనేలోపే గువ్వ దొరకబుచ్చుకుంది.”

బయట తోపుడుబండి ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది.

“మాటలు చదివి కూడా తెలియలేదా?” అంది చెల్లెలు. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “విషం అని రాయమంటే బిస్కెట్లని ఎలా అనుకున్నావు?”

“మాటలివ్వలేదే. అక్షరాలు విడివిడిగా ఇచ్చారు, అకారాది వరసలో. పోటీ వాళ్ళకి సరుకు పేరు తెలియకూడదని పెద్ద కంపెనీలన్నీ అలాగే ఇస్తాయి. నీకూ ఇవ్వలేదా అలాంటి పనులు? ‘వ’ ఒక కాగితం మీద ఉంది. ‘ష’ ఇంకో కాగితం మీద ఉంది. అవి రెండూ పక్కపక్కన నిలబడితే ఏమవుతుందో నేనెందుకు చూస్తాను?”

నిజమే. ఆమె కూడా అలాంటి పనులు చేసింది. ఏ మాట కోసమో తెలియకుండా అక్షరాలు గీసి ఇచ్చింది. తమ పనిలో అందరూ చేసేదే. ఆమె కోపానికి పట్టు దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది.

“ఆ కన్ను ఎలా నిలబెట్టావు?” అని అడిగింది. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న కాదది. అయినా అడిగింది.

అన్న చేతులు ఆగిపోయాయి. అతను తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. ఎవరైనా వచ్చారేమోనని చెల్లెలు కూడా చూసింది. ఎవరూ లేరు. అరిగిపోయిన గడప, దాని మీద ఎండ.

అప్పుడు ఆమెకు అర్థమైంది.

వాళ్ళ చిన్నప్పుడు తండ్రి బోర్డు రాసి గోడకు ఆనించేవాడు. చిన్నదైన చెల్లెల్ని ఎత్తుకుని వెళ్ళి గుమ్మం దగ్గర దింపేవాడు. అక్కణ్ణుంచి చూసి చెప్పు, కనిపిస్తోందా, ఏమనిపిస్తోంది, అని అడిగేవాడు. పెద్దవాళ్ళు చదువుతారమ్మా, చదివేవాడి కంటికి అక్షరం ఎలా ఉన్నా ఒకటే, చదువు రాని కంటికి కనిపించిందే అక్షరం అనేవాడు. చదువు వచ్చేదాకా ఆ ఉద్యోగం చెల్లెలిదే. ఆ ఇంట్లో అక్షరాలు రాసే వాళ్ళందరూ అలాగే నేర్చుకున్నారు.

“గుమ్మం దగ్గర నిలబెట్టావా?” అంది.

అన్న తల ఊపాడు.

“చెప్పు.”

“ఏం చెప్పను?”

“నువ్వు చెప్పకపోతే నేను ఊహించుకుంటాను. అదింకా నయమంటావా?”

అతను గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. “కాగితం ఇక్కడ, ఈ గోడకి అంటించేవాణ్ణి. అది అక్కడ నిలబడేది, ఒక కన్ను మూసుకుని. రెండూ తెరిచి చూడవే అంటే వినేది కాదు. ‘ఎవరిదే?’ అని అడిగేవాణ్ణి. ‘నాది’ అంటే ఆ అక్షరం అయినట్టు. ‘ఏమో నాన్నా’ అంటే తుడిచేసి మళ్ళీ రాసేవాణ్ణి.”

“అన్నీ అలాగేనా?”

“అన్నీ. ‘ష’ దగ్గర బాగా ఆలస్యమైంది. పీతలా ఉంది నాన్నా అనేది. పీత పిట్ట అయ్యేదాకా రాశాను.”

చెల్లెలు పక్కనున్న రంగు డబ్బా మీద కూర్చుంది. గోడకు ఆనించిన బోర్డు మీద సైకిల్ షాపు సగం పేరు ఎర్రగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

కొంతసేపటికి చేతిసంచిలోంచి ఫిర్యాదు కాగితం తీసింది. ఆఫీసు నుంచి వస్తూనే బస్సులో రాసుకున్నది. చివర ఒక వాక్యంలో ఆర్టిస్టు పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది.

“చిన్నవి కూడా నేనే గీసుకున్నానని రాస్తాను,” అంది. “నా బల్ల మీంచి ఎత్తుకుపోయారని రాస్తాను. నీ ఊసే ఉండదు.”

“వాళ్ళ దగ్గర నా కాగితాలు ఉన్నాయి. నా చెయ్యి ఊళ్ళో ప్రతి కొట్టు మీదా ఉంది. పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. నీ ఫిర్యాదు రేపు మధ్యాహ్నం కల్లా చెత్తబుట్టలో ఉంటుంది, లారీలు కొట్ల దగ్గర ఉంటాయి.”

“మరి వదిన?”

“తెలియాలిగా.”

“ఇప్పుడా? అన్నయ్యా, ఆవిడ, ‘బడిలో ఆ నియమం పెట్టింది నేనే, నేనే చంపుకున్నాను’ అంటూ గోడకి తల కొట్టుకుంది. మనిద్దరం పట్టుకుని ఆపాం. అప్పుడు కూడా నువ్వు నోరు విప్పలేదు. ఇప్పుడు వెళ్ళి, కాదు, నేను కూడా ఉన్నానంటావా?”

“తనొక్కతే మోస్తోందని నాకు తెలియదనుకున్నావా? రోజూ చూస్తున్నాను. అన్నం ముందు కూర్చుని తను చెయ్యి కడిగేసుకుంటుంటే చూస్తున్నాను.”

“బాధ పంచుకుంటే తగ్గుతుందంటారు,” అంది చెల్లెలు. “మనింట్లో పంచుకున్నకొద్దీ పెరుగుతోంది.”

“నా పేరు రాయి. తనకి నేను చెప్పుకుంటాను.”

“ఎప్పుడు?”

“రాత్రికి.”

“రాత్రికి అని ఇన్నాళ్ళ నుంచీ అనుకుంటున్నావు కదూ?”

అతను జవాబు చెప్పేలోపు గుమ్మంలో నీడ పడింది.

వదిన వచ్చింది. పాప పోయాక ఆమె బడికి వెళ్ళడం ఇవాళే మొదలు. షెడ్డుకు రావడం కూడా ఇవాళే. వేళ్ళకు సుద్దముక్క పొడి అంటి ఉంది. జుట్టు చెదిరి ఉంది. అయినా ఎప్పటిలాగే, లోపలికి వచ్చే ముందు చెప్పులు జత కుదిర్చి విడిచింది.

“నువ్వూ ఇక్కడే ఉన్నావా అమ్మాయ్, మంచిదైంది. మీ ఇంటికి వెళ్ళి వస్తున్నాను.”

“ఏమైంది వదినా? బడి నుంచి అప్పుడే వచ్చేశావేం?”

“గూళ్ళ మీది పిట్టలన్నీ గీకేశాను. ఇక నుంచి ఇవి మనవి కాదర్రా, ఎక్కడ కనిపించినా ముట్టుకోకూడదు అన్నాను. ఒకమ్మాయి లేచి, ‘అవేం తప్పు చేశాయి టీచర్?’ అని అడిగింది.” వదిన గొంతులో ఎత్తుపల్లాలు లేవు. పాఠం ఒప్పజెబుతున్నట్టు చెప్పుకుపోతోంది. “నేను పొట్లం చూపించాను. ఇది ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళు చెయ్యి ఎత్తండి అన్నాను.”

“ఎత్తారా?”

“ఎత్తారు.”

“ఎంతమంది?”

“ఎత్తనివాళ్ళని లెక్కపెట్టాను. అదైతే తొందరగా అయిపోయింది.”

అన్న బల్ల అంచును పట్టుకున్నాడు.

“ఎక్కడుందో చెప్పమంటే చెప్పరు. చెబితే లాగేసుకుంటానని. లాగేసుకుంటాను కూడా. ఒక పిల్ల దాచిపెట్టిందట. మంచిచోట దాచాను, మీకు పెడతాను టీచర్, గువ్వకి కూడా వాటా ఉంచాను అంది.” వదిన ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. “ఆ పిల్ల ఇంటికి నేనే వెళ్ళాను. పరుపు కింద ఉంది. విప్పలేదు. మిగతా పిల్లల అమ్మానాన్నలకి కబుర్లు పంపాను. ఆయా, మిగతా టీచర్లు ఇళ్ళకి బయలుదేరారు. ఇవాళ ఇళ్ళలో ఉన్నవి తీయించగలను. రేపు కొట్లలోకి వచ్చేవి నా వల్ల కాదు. అది నీ వల్ల అవుతుందని ఇందాక ఫోన్‌లో అన్నావు కదా. ఆ గీసినవాడు దొరికాడా?”

షెడ్డు రేకుల మీద ఎండకు టప్పుమని చప్పుడైంది.

వదిన చూపు చెల్లెలి చేతిలోని కాగితం మీద పడింది. చెయ్యి చాపింది. టీచరు చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండడం ఎవరికీ చేతకాదు. చెల్లెలు ఇచ్చింది. వదిన నిలబడే చదివింది, పెదవులు కదపకుండా, మొదటి వాక్యం నుంచి చివరి ఖాళీ దాకా.

“దొరికాడన్నమాట,” అంది. “దొరక్కపోతే ఇంత దూరం రాసేదానివి కాదు.”

“వదినా, ఇలా ఇవ్వు. నేను రాసుకుంటాలే.”

“నీ రాత నీకే అర్థం కాదు. అక్షరాలు గీసేవాళ్ళందరి దస్తూరీ ఇంతే.” ఆ ఇంట్లో అది పాత ఎకసెక్కం. వాళ్ళ మధ్య నవ్వు తెప్పించకుండా ఆ మాట పడిపోయింది. “ఆఫీసువాళ్ళు తడుముకోకుండా చదవాలి. నేను రాస్తాను. వేళవుతోంది, పేరు చెప్పు.”

ఆమె స్టూలు మీది పొట్లాన్ని రెండు వేళ్ళతో తీసి కింద పెట్టింది. స్టూలు దగ్గరికి లాక్కుని, ఒక బోర్డు ముక్కను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పరుచుకుంది. కలం మూత తీసింది. ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పి రాయించిన మనిషి, ఇవాళ ఎవరైనా చెబితే రాయడానికి కూర్చుంది.

“వదినా...”

“చెప్పమన్నానా. వాడు ఎవడైనా నేను ఏమీ అనను. తిట్టను కూడా. వాడి సంతకం కావాలి, అంతే. వాడికీ పిల్లలు ఉండే ఉంటారు.”

చెల్లెలు అన్న వైపు చూసింది. అతను లేచి నిలబడ్డాడు. ఎడమచేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

“నేను చెప్తాను, రాయి,” అన్నాడు.

“మీకూ తెలుసా?” అంది వదిన. ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆమె గొంతులో లేదు. తల కాగితం మీదకు వంచే ఉంది. బడి రిజిస్టరులో రాసే అలవాటు కొద్దీ అడిగింది. “ముందు ఇంటిపేరు చెప్పండి.”

అతను ఇంటిపేరు చెప్పాడు.

ఆమె కలం వెంటనే కదిలింది. పెళ్ళయినప్పటి నుంచి తన పేరు ముందు రాసుకుంటున్న మాట, నిన్నమొన్నటిదాకా గువ్వ పలక మీద వేలు పట్టుకుని దిద్దించిన మాట. చెయ్యి దానంతటదే రాసేసింది. చివరి అక్షరం తలకట్టు దగ్గరికి వచ్చి కలం ఆగింది. కొస ఆనిన చోట సిరా నెమ్మదిగా కాగితంలోకి ఇంకుతోంది.

వదిన తల ఎత్తలేదు.

“తర్వాత?” అంది.